వారధి ఎక్కేసరికి బండి లాగట్లేదు: 100 సీసీ, పికప్ పోయింది, బోరు చేయించాలా?

సింగ్‌నగర్_100సీసీ:
అందరికీ నమస్కారం. నాది 100 సీసీ బండి, 2016 మోడల్, కార్బొరేటర్‌ది. 61 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ విజయవాడ సింగ్‌నగర్ నుంచి మంగళగిరి వెళ్లి వస్తాను, అక్కడ చీరల షాపులో లెక్కలు రాస్తాను. నెల రోజులుగా ఒకటే బాధ. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది, బెంజ్ సర్కిల్ దాకా బ్రహ్మాండంగా వెళ్తుంది. కృష్ణ మీది వారధి ఎక్కేసరికి ఎక్స్‌లేటర్ మొత్తం తిప్పినా 35 దాటదు. వెనక లారీలు హారన్ కొడుతుంటే ప్రాణం పోతున్నట్టుంది. పక్కకి తీసి పది నిమిషాలు ఆపితే మళ్లీ మామూలుగా అయిపోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు ఈ బండి నాలుగు రోజులు సీటు దాకా నీళ్లలోనే ఉంది. అప్పట్లో ఇంజిన్ ఆయిల్ మూడుసార్లు మార్పించి, కార్బొరేటర్ కడిగించి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ కొత్తవి వేయించాను. తర్వాత బాగానే తిరిగింది. ఇప్పుడేమో మా వీధి మెకానిక్ బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) పోయిందంటున్నాడు, ఏడున్నర వేలు అవుతుందట. అంతా పెట్టాక కూడా బాగవకపోతే ఏంటి పరిస్థితి అని టెన్షన్‌గా ఉంది.

మిర్చియార్డు_రైడర్:
అన్నా, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడు. మాది గుంటూరు. సీజన్‌లో నేను యార్డుకి రోజుకి నాలుగు ట్రిప్పులు తిరుగుతాను. పోయిన ఏడాది నా బండి కూడా ఇలాగే ముక్కింది. ఫిల్టర్ బయటికి తీస్తే కాగితం మడతల్లో ఎర్రటి దుమ్ము గట్టిగా పేరుకుపోయి ఉంది, తుమ్ములు ఆగలేదు. నూనె పూసిన కాగితం ఫిల్టరైతే గాలి కొట్టకూడదు, కడగకూడదు, మార్చేయడమే. బుక్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగితే మా యార్డు దుమ్ములో కుదరదు.

సింగ్‌నగర్_100సీసీ:
ఫిల్టర్ నిన్ననే తీసి చూశాను అన్నా, శుభ్రంగా ఉంది. ప్లగ్ కూడా విప్పాను. మసి లేదు, తెల్లగా ఉంది.

బ్రాడీపేట_స్కూటర్:
నా అనుభవం వేరు, అయినా చెప్తాను. నా స్కూటర్ కూడా కొంత దూరం వెళ్లాక బరువెక్కేది. ఇంజిన్ అనుకుని రెండు షాపులు తిరిగాను. చివరికి తేలింది ఏంటంటే, వెనక బ్రేక్ నట్టు నేనే మరీ బిగించాను. బ్రేక్ షూ డ్రమ్ముకి రాసుకుంటూ, వేడెక్కేకొద్దీ ఇంకా పట్టేసేది. బండి ఆపగానే చక్రం మధ్యలో డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, జాగ్రత్తగా. కాలిపోతుంటే తప్పు ఇంజిన్‌లో లేదన్నట్టే. సెంటర్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పినా తెలిసిపోతుంది.

ఆటోనగర్_పాతకాపు:
తమ్ముడూ, ఏడున్నర వేలు జేబులోనే ఉంచు, తొందరపడకు. ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా బండ్లు విప్పుతున్నాను. పికప్ లేదని ఎవరొచ్చినా ముందు తేల్చాల్సింది ఒకటే: ఇంజిన్‌కి బలం లేదా, లేక ఉన్న బలం చక్రానికి అందట్లేదా?

టాప్ గేర్‌లో 40 మీద వెళ్తూ ఒక్కసారిగా ఎక్స్‌లేటర్ తిప్పు. ఇంజిన్ గోల పెరిగి స్పీడ్ పెరగకపోతే క్లచ్ జారుతోంది. ప్లేట్లు అరిగి ఉండొచ్చు, క్లచ్ వైరు మరీ బిగుతుగా ఉండొచ్చు, ఎవరైనా కారు ఆయిల్ పోసి ఉండొచ్చు. మన బండ్లలో క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. డబ్బా మీద జాసో ఎమ్ఏ (ఇలాంటి క్లచ్‌కి సరిపోయే ఆయిల్ గుర్తు) అని ఉన్నదే పోయాలి. గోల కూడా పెరగకుండా బొంగురుగా ముక్కితే అప్పుడు ఇంజిన్ వైపు చూడాలి.

బోరు సంగతి. వరదలో మునిగిన బండి కాబట్టి మీ మెకానిక్‌కి ఆ అనుమానం రావడం న్యాయమే. కానీ బోరు పోయిన బండి పది నిమిషాలు ఆపితే బాగవదు. ఇంటి దగ్గర బాగుండి వారధి మీద చావదు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుందా? ఆయిల్ తగ్గుతుందా? రెండూ లేకపోతే బోరు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అంతగా అనుమానమైతే కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, చూడమను. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే పిస్టన్ రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులు. ఈ పరీక్ష చేయకుండా హెడ్డు విప్పుతానంటే ఒప్పుకోకు.

ప్లగ్ తెల్లగా ఉందన్నావు చూడు, నాకు అసలు మాట అదే. నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువై, గాలి తక్కువై కాలుతున్నట్టు. తెలుపంటే పెట్రోల్ చాలట్లేదు. రెండు ప్రశ్నలకి జవాబు చెప్పు. ట్యాంక్‌లో పెట్రోల్ ఎంత ఉంటే ఎంత దూరంలో ఆగుతోంది? ఈ ఇబ్బంది మొదలయ్యే ముందు బండి మీద ఏం మార్చావు?

సింగ్‌నగర్_100సీసీ:
అన్నా, చాలా థాంక్స్. పొగ లేదు, ఆయిల్ తగ్గట్లేదు. 40లో తిప్పి చూశాను, గోల పెరగదు, గొంతు పట్టేసినట్టు ముక్కుతుంది. చక్రాలు కూడా ఫ్రీగానే తిరుగుతున్నాయి, వేడి లేదు.

నేను మామూలుగా రెండొందలకే కొట్టిస్తాను. అలా ఉన్నప్పుడు ఏడెనిమిది కిలోమీటర్లకి వస్తుంది. పండక్కి ఊరెళ్దామని ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు బెంజ్ సర్కిల్ కూడా దాటలేదు! పెట్రోల్ నిండా ఉంటే ఇంకా త్వరగా ఆగడమేంటో అర్థం కాలేదు. మార్చింది అంటే ఏమీ లేదు. ట్యాంక్ మూత కింద రబ్బరు వాషర్ కుళ్లిపోయి వాన నీళ్లు దిగుతుంటే కొత్తది వేయించాను, అంతే.

తాడేపల్లి_గేర్:
మూతే!

ఆటోనగర్_పాతకాపు:
దొరికింది తమ్ముడూ. ట్యాంక్‌లోంచి పెట్రోల్ కిందికి దిగేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికి మూతలో సన్నటి దారి ఉంటుంది. మీ మూతలో ఆ దారి వరద బురదతో ఎప్పుడో పూడిపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ కుళ్లిన వాషర్ సందులోంచి గాలి వెళ్తోంది కాబట్టి బయటపడలేదు. కొత్త వాషర్ వేయగానే ఆ సందు మూసుకుపోయింది. ఇప్పుడు పెట్రోల్ కొంచెం దిగగానే లోపల గాలి పలచబడి మిగతాదాన్ని పైకి పట్టి ఉంచుతోంది. ఫుల్ ట్యాంక్‌లో పైన ఖాళీ తక్కువ, అందుకే ఇంకా ముందే బిగుసుకుంటుంది. పది నిమిషాలు ఆపితే ఏ చిన్న సందులోంచో గాలి చేరి మళ్లీ దారి ఇస్తుంది.

మెకానిక్‌కి ఎందుకు దొరకలేదో కూడా చెప్తాను. ట్రయల్‌కి ముందు పెట్రోల్ ఉందా అని మూత తీసి చూస్తాం. దాంతో లోపలికి గాలి వెళ్లిపోతుంది. తర్వాత వీధి చివరిదాకా వెళ్లి వచ్చేస్తాం. బండి ఏడు కిలోమీటర్లు తిరిగితేగానీ ఈ రోగం కనపడదు. మేమూ ఇలా మోసపోయిన రోజులున్నాయి.

రేపు బండి ముక్కగానే పక్కన ఆపి, చెవి దగ్గరగా పెట్టి మూత తీయి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చిన చప్పుడు వస్తే ఇక అనుమానం లేదు. అలాగని మూత వదులుగా పెట్టి తిరగొద్దు, పెట్రోల్ ఒలికితే వేడి ఇంజిన్ మీదే పడుతుంది. మూతకి డ్రిల్లింగ్ మిషన్‌తో బెజ్జం కూడా పెట్టించొద్దు, వాన నీళ్లు నేరుగా ట్యాంక్‌లోకి దిగుతాయి.

సింగ్‌నగర్_100సీసీ:
ఈ రోజు వారధి మొదట్లోనే ముక్కింది. ఆపి, మూత తిప్పగానే సుయ్... అని రెండు సెకన్లు పీల్చింది! మూత పెట్టి కిక్ కొడితే మంగళగిరి దాకా 60లో వెళ్లాను.

సాయంత్రం ఇంటి బయట, బండి బాగా చల్లారాక మూత విప్పాను. కింద రెండు చిన్న స్క్రూలు, వాటి కింద రేకు, రేకు కింద బూడిద రంగు బురద. ఎండిపోయి కుంకుడు గింజంత గడ్డ కట్టి ఉంది. గోటితో గీకితే పొడిగా రాలింది. ఆ బురద వాసన ఇంకా అలాగే ఉందన్నా. ఇల్లు కడుక్కున్న రోజులన్నీ గుర్తొచ్చాయి.

పెట్రోల్‌లో నానబెట్టి, పళ్ల బ్రష్‌తో తోమి, సన్నటి నైలాన్ దారం దూర్చి శుభ్రం చేశాను. నోటితో ఊదితే ఇప్పుడు గాలి వెళ్తోంది.

ఆటోనగర్_పాతకాపు:
శభాష్. మూతలో అంత ఉందంటే ట్యాంక్ అడుగున కూడా ఉంటుంది. కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చే పెట్రోల్ గాజు సీసాలో పట్టు. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీళ్లు ముత్యాల్లా వేరుగా నిలబడతాయి. పెట్రోల్ ట్యాప్ జల్లెడ కూడా కడుగు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకి దిగిపోతాయి. కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ముక్క, జెట్, విప్పితే మాత్రం ఇనప తీగ పెట్టి పొడవొద్దు. రంధ్రం కొంచెం పెద్దదైనా మైలేజీ పోతుంది. గాలి కొడితే చాలు.

మిర్చియార్డు_రైడర్:
నాది 2021 బండి, బీఎస్6 (కొత్త పొగ నిబంధనలది). దీనికీ మూత బెజ్జం చూసుకోవాలా అన్నా?

ఆటోనగర్_పాతకాపు:
2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో ట్యాంక్ ఆవిరి సన్నటి పైపు ద్వారా బొగ్గు నింపిన చిన్న డబ్బాలోకి వెళ్తుంది. అక్కడ ఆ పైపు నలిగిందా, పూడుకుపోయిందా చూడాలి. బంకులో మెడదాకా కొట్టించొద్దు, పెట్రోల్ ఆ డబ్బాలోకి దిగితే అది పాడవుతుంది.

సింగ్‌నగర్_100సీసీ:
నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. సీసాలో అడుగున వేలెడు మందం నీళ్లు నిలబడ్డాయి. ట్యాప్ జల్లెడ మీద సగం బురదే. అన్నీ కడిగి, బండి చల్లగా ఉన్నప్పుడు టాపెట్లు (వాల్వుల సందు) కూడా సెట్ చేయించాను. వాషర్ ఖర్చు కాకుండా మొత్తం 320 రూపాయలు అయింది.

నిన్న ఫుల్ ట్యాంక్ కొట్టించి, నాన్నని వెనక కూర్చోబెట్టుకుని మంగళగిరి నరసింహస్వామి గుడికి తీసుకెళ్లాను. వారధి మొత్తం టాప్ గేర్‌లోనే దాటాం.