అమ్రాబాద్ దిక్కు తండాకు రోడ్డు: ఏ నిధి అడగాలె?

ప్రశ్న: తండా జనాభా 310. తారు రోడ్డుకు 2 కిలోమీటర్ల మట్టిబాట, నడుమ ఒర్రె. వాన పడితే ఆటో ఆ ఒడ్డునే ఆగుతది. ఎక్కడ దరఖాస్తు పెట్టాలె?

జవాబు 1: పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, ఊర్లకు రోడ్లేసే కేంద్ర పథకం) నాలుగో దశ అడగండన్నా. మైదానంల 500 జనాభా కావాలె, షెడ్యూల్డ్ ఏరియాల (గిరిజన ప్రాంతమని సర్కారు ప్రకటించిన చోట) 250 చాలు. కానీ లెక్క 2011 జనగణనది. గ్రామసభ తీర్మానం పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ డీఈకి (డిప్యూటీ ఇంజినీరుకు) ఇయ్యండి. ‘రోడ్డు కావాలి’ అని ఒక్క ముక్క రాస్తే ఫైలు కదలదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, పొడవు, సర్వే నంబర్లు, ఒర్రె వెడల్పు, వరద ఎంత ఎత్తు వస్తదో రాయాలె. కల్వర్టు అంచనా దాన్నిబట్టే.

జవాబు 2: ఆ పథకంల భూమి కొననీకి పైసలుండవు. పట్టాదారుల రాతపూర్వక ఒప్పుకోలు ముందే తీసుకోండి. టెండరైనంక ఒక్కరు అడ్డం తిరిగినా పని ఆగుతది.

జవాబు 3: బాట అడవిల నుంచి పోతే అసలు చిక్కు అదే. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద హెక్టారు లోపు భూమికి, హెక్టారుకు 75 చెట్లు మించకుంటే, గ్రామసభ సిఫారసుతో డీఎఫ్‌ఓ (అటవీ శాఖ డివిజన్ అధికారి) దగ్గర అనుమతి అడగొచ్చు. 6 మీటర్ల వెడల్పుకు హెక్టారంటే సుమారు 1,660 మీటర్లే. మీ 2 కిలోమీటర్లల అడవి ముక్క ఎంతో ముందు కొలిపించండి. పులుల అభయారణ్యం హద్దుల ఉంటే వన్యప్రాణి అనుమతి వేరే.