"అర్థమైందా?" అంటే "అయ్యింది సార్" అంటారు, టెస్టులో మాత్రం తప్పులు. నా పాఠాన్ని నేనే ఎలా చూసుకోవాలి?

ప్రశ్న (గణితం టీచర్, హైస్కూలు):
నమస్తే అండి. ఏడో తరగతికి భిన్నాల కూడిక 3 పీరియడ్లు చెప్పాను. "అర్థమైందా?" అన్న ప్రతిసారీ క్లాసంతా ఒకే గొంతుతో "అయ్యింది సార్" అంది. మర్నాడు స్లిప్ టెస్టు పెడితే 38 మందిలో 17 మంది 1/2 + 1/3 = 2/5 అని రాశారు. పీరియడ్ ప్లాన్‌లో టీచర్ రిఫ్లెక్షన్స్ గడి ఉంటుంది కదా, అందులో ఇన్నాళ్లూ "పాఠం సంతృప్తికరం" అని రాస్తూ వచ్చాను. ఇకనైనా నిజంగా చూసుకోవాలని ఉంది. వీడియో తీసుకోవాలా?

జవాబు (సైన్స్ టీచర్, 19 ఏళ్ల సర్వీసు):
సార్, వీడియో వద్దు. నేను మొదటిసారి వీడియో తీసుకున్నప్పుడు నా చీర కుచ్చిళ్లు, చేతులు ఊపడం తప్ప ఇంకేమీ చూడలేకపోయాను. పైగా పిల్లల ముఖాలు పడతాయి. ఫోన్ టేబుల్ మీద పెట్టి గొంతు మాత్రం రికార్డు చేయండి. హెచ్చెమ్ గారికీ పిల్లలకీ ముందే చెప్పండి. విన్నాక చెరిపేయండి, ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టొద్దు.

పీరియడ్ మొత్తం వింటే విసుగొస్తుంది. ప్రశ్నలు అడిగిన ఒక 10 నిమిషాలు చాలు. ఎన్ని ప్రశ్నలు అడిగారో, ఎన్నింటికి మీరే జవాబు చెప్పుకున్నారో, ఎవరెవరి గొంతులు వినపడ్డాయో కాగితం మీద గీతలు పెట్టుకోండి. నాకు మొదటిసారి 22 ప్రశ్నల్లో 13కి నేనే జవాబు చెప్పేశాను. మిగతావన్నీ ముందు బెంచీలో కూర్చునే ముగ్గురమ్మాయిలే చెప్పారు. ఆ రోజు అన్నం సయించలేదంటే నమ్మండి.

మరో మాట. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో సైన్స్ క్లాసులను టేపుల మీద విని, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పనివాళ్లు తగ్గారు. చెప్పడానికి తేలికే గానీ, క్లాసులో ఆ 3 సెకన్ల నిశ్శబ్దం మనకే భయంగా ఉంటుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి.

జవాబు (ప్రైమరీ టీచర్):
రికార్డింగ్ మంచిదే, కానీ మీ చేతిలో 17 పేపర్లు ఉన్నాయి కదా సార్! తప్పు రాసినవాళ్లలో ఇద్దర్ని పిలిచి "ఎలా చేశావో చెప్పు నాన్నా" అనండి. దిద్దకుండా వినండి, అంతే.

ప్రశ్న అడిగినవారు:
రెండూ చేశాను. రికార్డింగ్ వింటే, "హారాలు సమానం చేశాం కదా, ఇక పైవి కూడేయండి" అని 4 సార్లు అన్నాను. ఎందుకు సమానం చేయాలో ఒక్కసారీ చెప్పలేదు. పిలిచిన పిల్లలిద్దరూ "పైవి కూడమన్నారు, కిందవి కూడా కూడేశాం" అన్నారు. అసలు సిగ్గనిపించింది వేరే చోట. వెనక బెంచీ అబ్బాయి ఒకడు "సార్, కిందవి ఎందుకు కూడకూడదు?" అని మెల్లగా అడిగాడు. "ఆ, అది తర్వాత" అనేసి ముందుకెళ్లాను. వాడు అడిగినట్టు నాకు గుర్తే లేదు.

జవాబు (సైన్స్ టీచర్):
ఆ అబ్బాయి ప్రశ్నతోనే రేపటి పాఠం మొదలుపెట్టండి, వాడి పేరు చెప్పి మరీ. అర చపాతీకి ఇంకో ముక్క కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడిగి ఆగండి. 2/5 అంటే సగం కన్నా తక్కువే కదా, ఎవరో ఒకరు పట్టుకుంటారు. తర్వాత కాగితం పట్టీని 6 సమాన భాగాలుగా మడతపెట్టించండి. సగం అంటే 3 గళ్లు, మూడో వంతు అంటే 2 గళ్లు, మొత్తం 5/6. ముక్కల సైజు ఒకటైతేనే లెక్కపెట్టగలమని వాళ్లకే కనపడుతుంది. ఇక "అర్థమైందా" బదులు ఒక లెక్క ఇచ్చి, నోటుబుక్కులు పైకెత్తి చూపించమనండి. ఈ వారానికి ఇంతే, అన్నీ ఒకేసారి మార్చబోతే ఏదీ నిలవదు.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ చేశాను మేడం. చపాతీ ప్రశ్న వేసి ఆగితే మొదట గుసగుసలు, తర్వాత వాదన. చివర్లో 1/2 + 1/4 ఇస్తే ఆరుగురు ఇంకా 2/6 చూపించారు. రేపు ప్రార్థనకు ముందు వాళ్లతో పట్టీలు పట్టుకుని కూర్చుంటాను. రిఫ్లెక్షన్స్ గడిలో కూడా ఇదే రాశాను.