‘రికగ్నైజ్’కి అన్నిచోట్లా ‘గుర్తించు’ అనొచ్చా?

ప్రశ్న:
మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునేవారి కోసం ఒక చిన్న పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. నాలుగు పేజీల్లోనే రికగ్నైజ్ అనే మాట ఆరుసార్లు వచ్చింది. అన్నిటికీ ‘గుర్తించు’ అని రాసుకుంటూ పోయాను. ‘అమ్మ మిమ్మల్ని గుర్తించకపోవచ్చు’ దగ్గర చెయ్యి ఆగింది. ఆఖరి ఏడాది మా అమ్మమ్మ నన్ను చూసి ‘ఎవరమ్మా నువ్వు?’ అనేది. ఆవిడ నన్ను గుర్తించలేదు అని రాస్తే, తెలిసీ పట్టించుకోలేదన్నట్టుంది. జబ్బు తొలి లక్షణాలకూ, చూసుకునేవాళ్ల శ్రమకూ ఇంగ్లీషులో ఇదే క్రియ. మీరైతే ఏం రాస్తారు?

బందరు నుంచి:
మనిషికైతే ‘గుర్తుపట్టు’. మా ఇంట్లో ‘పోల్చుకోవడం’ అని కూడా అంటాం: ‘గడ్డం పెంచావు, పోల్చుకోలేకపోయాను’. ముఖం, గొంతు, నడక, చేతిరాత, ఏదైనా సరే. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్‌లోనూ అర్థం ‘మళ్లీ తెలుసుకోవడం’. అందుకని ‘అమ్మ మిమ్మల్ని గుర్తుపట్టలేకపోవచ్చు’ అని రాయండి. మధ్యలో ఆ ‘లేక’ను మాత్రం వదలకండి. తప్పు ఆవిడది కాదని ఆ రెండు అక్షరాలే చెబుతాయి.

కోర్టు కాగితాలు అనువదించే మనిషిని:
‘గుర్తించు’ అధికారం ఉన్నచోట బాగా ఒదుగుతుంది. 1971 డిసెంబరు 6న భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించింది. ఇక్కడ ‘గుర్తుపట్టింది’ అనలేం. అమెరికా కాంగ్రెస్‌లో సభాధ్యక్షుడు ఒక సభ్యుణ్ణి రికగ్నైజ్ చేశారంటే మాట్లాడే అవకాశం ఇచ్చారని. అకౌంట్స్‌లో ఆదాయాన్ని రికగ్నైజ్ చేయడమంటే లెక్కలోకి తీసుకోవడం. వీటికి రెండు మాటలూ పనికిరావు.

ఒక నర్సు:
లక్షణాలను ‘ముందే కనిపెట్టండి’ అంటే ఇళ్లల్లో తేలిగ్గా అర్థమవుతుంది. ‘శ్రమను గుర్తించండి’ మాత్రం సన్మాన పత్రంలా ఉంటుంది. రాత్రంతా మేలుకున్న కోడలికి కావలసింది, ‘నువ్వెంత కష్టపడుతున్నావో నాకు తెలుసమ్మా’ అనే మనిషి. ఆ మాటే రాయండి.

ప్రశ్న అడిగిన నేను:
అందరికీ ధన్యవాదాలు. ‘లేక’ చేర్చాను, కోడలి వాక్యం కూడా మార్చాను. ఇంకొకటి మిగిలింది: పేరు మరిచిపోయినా కొందరు అయినవాళ్ల గొంతును రికగ్నైజ్ చేస్తారు, అని. చివరి నెలల్లో మా అమ్మమ్మకు నా పేరు రాలేదు. కానీ నేను ‘అమ్మమ్మా’ అనగానే తల ఇటు తిప్పేది, చెయ్యి పట్టుకుంటే వదిలేది కాదు. అక్కడ ‘మీ గొంతు ఆవిడకు తెలుస్తుంది’ అని రాశాను.