స్టీరింగ్ ఫీల్ కోసం సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు: కేమన్, ఎస్2000, మియాటా... ఏది?

ప్లేనో_పల్సర్

అందరికీ నమస్తే. ఉండేది డాలస్ పక్కన. 35 వేల డాలర్ల లోపు సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూస్తున్నాను, మాన్యువల్ గేర్లే కావాలి. హార్స్‌పవర్ మీద అంత మోజు లేదు. చేతికి రోడ్డు తెలియాలి, మలుపులో బండి మాట వినాలి, అంతే. రోజూ ఆఫీసుకి వాడను. వారాంతాలు, వీలైనప్పుడు టెక్సస్ కొండ ప్రాంతం హిల్ కంట్రీలో 335, 336, 337 రాంచ్ రోడ్లు.

ప్రస్తుతం లిస్టులో ఉన్నవి: 2009–2012 పోర్షే కేమన్ బేస్ మోడల్ (987.2, 2.9 లీటర్), 2006–2009 హోండా ఎస్2000 (ఏపీ2), 2019 తర్వాతి మాజ్డా మియాటా (ఎన్‌డీ2). మంచి ధరకి దొరికితే 987 తర్వాతి తరమైన 981 కేమన్ కూడా.

హైడ్రాలిక్ స్టీరింగ్ (నూనె ఒత్తిడితో సాయం), ఎలక్ట్రిక్ స్టీరింగ్ (మోటారుతో సాయం) మధ్య తేడా నిజంగా చేతికి తెలిసేంత ఉంటుందా, లేక అందరూ అంటున్నారని మనమూ అనడమేనా? ఎస్2000 వెనక భాగం ఉన్నట్టుండి విసిరేస్తుందంటారు, అది ఏపీ2కి కూడా వర్తిస్తుందా? డీలర్లు టెస్ట్ డ్రైవ్‌కి ఇరవై నిమిషాలకి మించి ఇవ్వడం లేదు, ఆ కాస్త టైంలో ఏం చూడాలి?

పాత_నట్టు

తేడా ఉంది. కాకపోతే రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే గంపలో వేస్తున్నారు చాలామంది. స్టీరింగ్ తిప్పగానే ముక్కు ఎంత త్వరగా తిరిగింది అన్నది రెస్పాన్స్. ముందు టైర్ల దగ్గర ఎంత పట్టు మిగిలి ఉందో చేతికి తెలియడం ఫీల్. 981 కేమన్‌లో మొదటిది 987 కంటే మెరుగు, రెండోది తక్కువ. వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం), ట్రాక్ (కుడి ఎడమ చక్రాల మధ్య దూరం) పెరిగాయి, స్టీరింగ్ ఎలక్ట్రిక్ అయింది. పెట్టిన చోట ఖచ్చితంగా నిలుస్తుంది, కానీ తారు గరుకు మారిన సంగతి 987 చెప్పినంతగా చెప్పదు.

ఆ ఫీల్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే టెస్ట్ డ్రైవ్‌లో దేనికోసం వెతకాలో తెలుస్తుంది. మలుపులో టైరు నేలని తాకే భాగం కొద్దిగా మెలిపడుతుంది. పక్కకి తోసే బలం ఆ భాగం నడిమధ్యన కాకుండా కాస్త వెనక్కి పడుతుంది. ఆ కాస్త దూరాన్ని న్యుమాటిక్ ట్రెయిల్ అంటారు, స్టీరింగ్‌ని తిరిగి నిటారుకి లాగేది చాలావరకు అదే. టైరు పట్టు అయిపోవడానికి ముందే ఈ దూరం తగ్గడం మొదలవుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. అంటే ముందు చక్రాలు జారకముందే చేతికి కబురు అందాలి. మంచి హైడ్రాలిక్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే పళ్ల కడ్డీ) ఆ కబురుని దాచదు. ఎలక్ట్రిక్‌లో మోటారు రాపిడి, సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ కలిసి దాన్ని చదును చేసేస్తాయి.

బరువుగా ఉంటే ఫీల్ ఉన్నట్టు అనుకోవద్దు. క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే, చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) ఎక్కువ పెట్టినా, చిన్న స్టీరింగ్ చక్రం బిగించినా బరువు పెరుగుతుంది. క్యాస్టర్‌తో వచ్చే బరువు టైరు పట్టు అయిపోవస్తున్నా అలా తగ్గదు కాబట్టి పైన చెప్పిన ఆ తేలికదనాన్ని కప్పేస్తుంది. స్పోర్ట్ మోడ్ నొక్కితే వచ్చే బరువు ఇంకా దండగ.

మీ లిస్టులో నా ఓటు 987.2కే. హైడ్రాలిక్ స్టీరింగ్, ఇంజన్ నడుమ, ముందు ఇరుసు మీద బరువు తక్కువ. ర్యాక్ వేరియబుల్ రేషియో: నిటారు దగ్గర నిదానం, తిప్పేకొద్దీ చురుకు, అందుకే హైవేలో చికాకు పెట్టదు. ఇంజన్ పరంగానూ నిశ్చింత. 2009 నుంచి వచ్చిన ఇంజన్లలో ఐఎంఎస్ బేరింగ్ (పాత ఇంజన్లలో పాడవుతుందని పేరుపడ్డ ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్) అన్నదే లేదు. 2.9లో డైరెక్ట్ ఇంజెక్షన్ కూడా లేదు, 265 హార్స్‌పవర్. ఆ ఏడాది నుంచి మెకానికల్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపేది) ఆప్షన్‌గా ఇచ్చారు. అది ఉన్న బండి దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా పర్వాలేదు.

బడ్జెట్ దాటిపోతుంది గానీ, అవకాశం వస్తే ఒక్కసారి లోటస్ ఎలీజ్ నడిపి చూడండి. పవర్ స్టీరింగే లేదు, ముందు టైర్లు 175 మాత్రమే. మిగతా వాటిని దేనితో కొలవాలో అర్థమవుతుంది.

రెడ్‌లైన్_రాజోలు

ఎస్2000 గురించి నేను చెప్తా, ఇక్కడ అపోహలు ఎక్కువ.

మొదటి ఎస్2000 నుంచీ స్టీరింగ్ ఎలక్ట్రిక్కే. మోటారు ర్యాక్ మీదే ఉంటుంది. చురుకుదనంలో పేరు పెట్టడానికి లేదు, ఫీల్‌లో మాత్రం 987 పక్కన నిలబడదు. ఫీల్ కోసమే కారు కొంటున్నవాళ్లకి ఈ మాట ముందే చెప్పడం న్యాయం. దీని అందమంతా గేర్ లివర్‌లో, ఇంజన్‌లో, నడుముకి తెలిసే వెనక ఇరుసులో ఉంది.

ఇక విసిరేయడం సంగతి. 2000–2003 ఏపీ1లో వెనక సస్పెన్షన్ పైకి కిందికి కదిలినప్పుడు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చాలా మారేది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకి పోతుంది, వెనక భాగం లేస్తుంది, టో మారుతుంది, అప్పటికే తేలికైన టైరు పట్టు వదిలేస్తుంది. ఇవన్నీ ఒకే క్షణంలో జరుగుతాయి. 2004లో హోండా వెనక జ్యామితి మార్చి ఆ టో మార్పుని తగ్గించింది, 17 అంగుళాల చక్రాలకి మారింది (ముందు 215/45, వెనక 245/40), స్టీరింగ్ రేషియోని 13.8 నుంచి 14.9కి నిదానం చేసింది. అమెరికా బండ్లలో 2006 నుంచి వీఎస్ఏ (జారినప్పుడు బండిని అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) కూడా స్టాండర్డ్. కాబట్టి మీరు చూసే బండ్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటే భయం లేదు.

గొడవంతా ఆ ‘ఉంటే’ దగ్గరే. కిందికి దించిన ఎస్2000 కనపడితే ముందు వెనక టో అడగండి. బండిని దించితే సస్పెన్షన్ తన కదలికలో వేరే చోట పనిచేస్తుంది, హోండా సరిచేసింది మళ్లీ చెడుతుంది. పైగా క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగిన కోణం), టో సర్దే ఎక్సెంట్రిక్ బోల్టులు బుష్ (కీలు దగ్గర ఉండే రబ్బరు తొడుగు) లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోవడం ఈ కారుకి మామూలే. టెక్నీషియన్ తిప్పలేక వదిలేస్తాడు, ఓనరు "అలైన్‌మెంట్ చేయించాను" అంటాడు. మంచు ప్రాంతాల నుంచి వచ్చిన బండి అయితే లిఫ్ట్ ఎక్కించి, ఆ బోల్టులు కదులుతున్నాయో లేదో చూపించమనండి. కదలకపోతే బోల్టులు కోసి, బుష్‌లు లేదా ఆర్ములే మార్చాలి. ధర మాట్లాడేటప్పుడు అది లెక్కలోకి రావాలి.

ముందు వెనక ఒకే సైజు టైర్లు వేసి ఉన్నా జాగ్రత్త. ముందు పట్టు పెరిగితే బ్యాలెన్స్ వెనక జారే వైపు మొగ్గుతుంది. ట్రాక్ మీద తెలిసి చేసుకునే పని అది, వాన రోడ్డు మీద కొత్తవాళ్లకి కాదు. ఇంకో చిన్న సంగతి: దీని స్టీరింగ్ ఎత్తు, దూరం ఏదీ సర్దలేం. ఆరడుగుల పైన ఉంటే మోకాళ్లు తగులుతాయేమో కూర్చుని చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

టో_ఇన్_టో_అవుట్

మియాటాని ఎవరూ పట్టించుకోలేదు, అందుకని రెండు ముక్కలు. ఎన్‌డీ స్టీరింగ్ ఎలక్ట్రిక్, తేలిక, ఫీల్ ఒక మోస్తరు. అయినా బండి 1,060 కిలోల చుట్టుపక్కలే కాబట్టి స్టీరింగ్ చెప్పనిది సీటు చెబుతుంది. మలుపులోకి వెళ్లగానే బాగా ఒరుగుతుంది. ఒరగడం చూసి పట్టు పోయిందనుకోకండి, ఒరిగాక అక్కడ కుదురుకుంటుంది. క్లబ్ ట్రిమ్ మాన్యువల్‌లో బిల్‌స్టీన్ డ్యాంపర్లు, లిమిటెడ్ స్లిప్ వస్తాయి. 2019 నుంచి 181 హార్స్‌పవర్, 7,500 రెడ్‌లైన్, స్టీరింగ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలు కూడా వచ్చింది.

మీ మూడో ప్రశ్నకి: స్టార్ట్ చేయకముందే టైర్లు చూడండి. పక్క గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ ఒకే మోడల్ కాకపోయినా, ఆరేళ్లు దాటినా ఆ టెస్ట్ డ్రైవ్‌లో మీకు తెలిసేది గట్టిపడిన రబ్బరు సంగతే, కారు సంగతి కాదు. గాలి కూడా డోర్ స్టిక్కర్‌లో ఉన్నంత ఉందో లేదో చూడండి. డీలర్ల లాట్‌లో టెక్సస్ ఎండకి నిలబడిన బండ్లలో గాలి ఎంతుందో ఎవరూ చూడరు.

తర్వాత వరస ఇది. ఇంజన్ ఆన్‌లో, నిలబడి ఉన్నప్పుడే ఈ చివర నుంచి ఆ చివరకి నిదానంగా తిప్పండి. అరచుట్టుకోసారి పట్టేసినట్టు అనిపిస్తే కాలమ్ జాయింట్ అనుమానించాలి. హైడ్రాలిక్ బండిలో మూలుగు వస్తే ఫ్లూయిడ్, పంపు. నిర్మానుష్యమైన తిన్నని రోడ్డు మీద 45 మైళ్ల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ అరంగుళం కదపండి. వెంటనే స్పందన, వదలగానే నిటారుకి రావడం రెండూ ఉండాలి. తర్వాత ఫ్రీవే క్లోవర్‌లీఫ్ ర్యాంప్. బోర్డు మీద ఉన్న వేగంలోనే, యాక్సిలరేటర్ కదపకుండా తిరగండి. స్టీరింగ్ ఇంకొంచెం తిప్పితే చేతికి బరువు కొద్దికొద్దిగా పెరగాలి. జారే దాకా వెళ్లక్కర్లేదు. బరువు పెరగడం సాఫీగా ఉందా, మధ్యలో చచ్చుపడిందా అన్నదే చూడాలి. చివరగా వెనక ఎవరూ లేనప్పుడు 40 నుంచి గట్టి బ్రేకు.

ప్లేనో_పల్సర్

చాలా థ్యాంక్స్ అన్నా అందరికీ. ఈ వరస ప్రకారమే ఒక 2010 కేమన్ చూసొచ్చాను. 19 అంగుళాల చక్రాలు, ముందు స్పేసర్లు వేసి ఉన్నాయి. టైర్లు ముందు ఒక బ్రాండ్, వెనక ఒక బ్రాండ్. ర్యాంప్ మీద బాగుంది. కానీ బ్రేకు వేస్తే కుడికి చిన్నగా తప్పుకుంటోంది, పార్కింగ్‌లో బ్రేకు వదిలేటప్పుడు ముందు నుంచి ‘టక్’ మంది. కాంక్రీట్ హైవే మీద గీతల వెంట పోతోంది. అలైన్‌మెంట్ చేయిస్తే అన్నీ పోతాయని అమ్మేవాడి మాట. నమ్మొచ్చా?

పాత_నట్టు

అన్నీ పోవు. మీరు చెప్పినవాటిలో కనీసం రెండు వేర్వేరు జబ్బులున్నాయి.

‘టక్’ శబ్దం, బ్రేకులో తప్పుకోవడం కలిసి వచ్చాయంటే మొదటి అనుమానం ముందు లోయర్ కంట్రోల్ ఆర్ముల మీదే. ఆకారాన్ని బట్టి కాఫిన్ ఆర్మ్ అంటారు. లోపలి రబ్బరు బుష్ చిరిగితే బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి నెట్టుకుపోతుంది, దాంతోపాటు టో మారిపోతుంది. ఒకవైపు బుష్ ఎక్కువ చిరిగి ఉంటే ఆ తేడాకి బండి పక్కకి లాగుతుంది. వదలగానే ఆర్మ్ వెనక్కొచ్చి కొట్టుకునే చప్పుడే మీరు విన్నది. అలైన్‌మెంట్ యంత్రం మీద బండి కదలకుండా ఉంటుంది, కాబట్టి అంకెలు బాగానే వస్తాయి. రోడ్డు మీద బ్రేకు తొక్కగానే మళ్లీ అదే కథ.

లిఫ్ట్ ఎక్కించి బుష్ దగ్గర ప్రై బార్ పెట్టి మెల్లగా ఎత్తితే చిరుగు కళ్లకే కనిపిస్తుంది. చక్రాన్ని 12, 6 గంటల స్థానాల్లో పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, 3, 9 దగ్గర ఊపితే టై రాడ్. రెండు రకాలుగానూ ఆడితే వీల్ బేరింగ్. అక్కడే ర్యాక్ రెండు చివర్ల రబ్బరు బూట్లు పిసికి చూడండి. లోపల నూనె తగిలితే ర్యాక్ సీలు పోయినట్టే, అది చిన్న ఖర్చు కాదు. బుష్‌లు బాగుంటే బ్రేక్ కాలిపర్ పిస్టన్ పట్టేసిందేమో చూడాలి, కానీ అప్పుడు ఆ చక్రం మిగతావాటి కంటే బాగా వేడెక్కుతుంది.

ఆర్ములు మారిస్తే రెండువైపులా ఒకేసారి. బుష్ బోల్టుల ఫైనల్ టార్క్ చక్రాలు నేల మీద ఉన్న ఎత్తులోనే ఇవ్వాలి. బండి గాల్లో ఉండగా బిగించేస్తే రబ్బరు మెలిపడిన స్థితిలో ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. షాపు వాడిని ఈ మాట అడిగితే పని తెలిసినవాడో కాదో అక్కడే తేలుతుంది.

గీతల వెంట పోవడం మాత్రం స్పేసర్ల వల్ల కావచ్చు. స్పేసర్ పెడితే చక్రం బయటికి జరుగుతుంది, స్క్రబ్ రేడియస్ (చక్రం తిరిగే ఇరుసు నేలని తాకే చోటుకీ టైరు మధ్యకీ ఉన్న దూరం) మారుతుంది, రోడ్డు మీది ప్రతి గాడీ స్టీరింగ్‌ని గుంజుతుంది. కొత్తవాళ్లు ఇదే గొప్ప ఫీల్ అనుకుంటారు. తీసేయండి, తీశాక వీల్ బోల్టులు కూడా పొడుగువి మార్చి ఒరిజినల్ పొడవువి వేయాలి. మర్చిపోతే లోపల తగులుతాయి. 18 అంగుళాల చక్రాలు దొరికితే ఇంకా మేలు.

టో_ఇన్_టో_అవుట్

పైన చెప్పినవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్. సీట్లో మీ బరువు, సగం ట్యాంకు పెట్రోలు ఉంచి చేయమనండి. వీధి వాడకానికి ముందు టో సున్నా, వెనక ఒక్కో చక్రానికి 0.10 నుంచి 0.15 డిగ్రీల టో-ఇన్, వెనక క్యాంబర్ మైనస్ 1.5 దరిదాపుల్లో. ముందు క్యాంబర్ స్ట్రట్ పైన ఉన్న రంధ్రాల్లో ఎంత వస్తే అంత, కుడి ఎడమ సమానంగా. ముందు టో-ఇన్ ఎక్కువైతే నిటారు దగ్గర బద్ధకం, టో-అవుట్ అయితే హైవే మీద కుదురుండదు. కుడి ఎడమ క్యాస్టర్ తేడా అర డిగ్రీ దాటితే బండికి ఎప్పుడో దెబ్బ తగిలిందేమో ఆరా తీయండి.

టైర్ల విషయంలో, హిల్ కంట్రీకని ట్రెడ్‌వేర్ 200 వాటికి (త్వరగా అరిగే, ట్రాక్ తరహా మెత్తటి టైర్లు) వెళ్లొద్దు. జనవరి పొద్దున చలిలో, నిలిచిన వాన నీటిలో అవి పనిచేయవు. మామూలు మ్యాక్స్ పెర్ఫార్మెన్స్ సమ్మర్ టైర్లు నాలుగూ ఒకే మోడల్ వేయండి. అమ్మేవాడు అంత ధీమాగా ఉంటే అలైన్‌మెంట్ ముందు, తర్వాత ప్రింటౌట్లు రెండూ ఇమ్మనండి. ఒక్కటే ఇస్తే ఆర్ములు, టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.