రంధ్రాన్వేషి ఎవరు?

మొన్న ఈ గుంపులో ఒక సభ్యులు 'భాద' అని రాస్తే, 'బాధ' అని రాయాలండీ అని ఇంకొకరు చెప్పారు. దానికి "ఎందుకీ రంధ్రాన్వేషణ?" అని జవాబు వచ్చింది. వంకలు పెట్టేవాళ్ళందరినీ రంధ్రాన్వేషులు అనొచ్చా అని ఆ కిందే ఒకరు అడిగారు. అనకూడదనే నా అభిప్రాయం. కారణం కాస్త పెద్దది కాబట్టి విడిగా రాస్తున్నాను.

రంధ్రం అంటే కన్నమే. కానీ రాజనీతిలో రంధ్రం, ఛిద్రం అనే మాటలకు శత్రువు దెబ్బతినే చోటు అని అర్థం. కోటగోడ ఎక్కడ బీటలిచ్చింది, మంత్రుల్లో ఎవరికెవరితో పడదు, బొక్కసం ఎంత వట్టిపోయింది, ఇవన్నీ రంధ్రాలే. రాజు తన ఛిద్రం పరులకు తెలియనివ్వకూడదు, పరుల ఛిద్రం తాను తెలుసుకోవాలి, తాబేలు కాళ్ళూ తలా లోపలికి లాక్కున్నట్టు తన లోపాన్ని దాచుకోవాలి అని మనుస్మృతి ఏడో అధ్యాయం చెబుతుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఇదే మాట ఉంది. అంటే రంధ్రాన్వేషణ వేగులవాళ్ళ పని. కన్నం దొరికాక చూసి ఊరుకోరు, అందులోంచి లోపలికి దూరతారు.

అందుకే ఆ మాటలో పగ ఉంది. మీరు ఎప్పుడో పంపిన ఈమెయిళ్ళు తవ్వి తీసి, అదును చూసి పై అధికారికి అందించే సహోద్యోగి రంధ్రాన్వేషి. పెళ్ళి బంతిలో కూర్చుని "పులిహోరలో ఇంగువ పడలేదు, గారె చల్లారిపోయింది, సాంబారు నీళ్ళోడుతోంది" అంటూనే మారు వేయించుకునే పెద్దాయన కాడు. పెళ్ళివారికి చెడు జరగాలని ఆయన కోరుకోడు. ఆయన వంకలు పెడతాడంతే.

ఇలాంటి మాటల్లో తెలుగు క్రియ ఎంత పని చేస్తుందో గమనించండి. తప్పు 'పడతాం', వంక 'పెడతాం'. పట్టాలంటే అక్కడ ఏదో ఒకటి ఉండాలి. లేనిచోట మన చేత్తో తెచ్చి పెట్టేది వంక. వంక లేనమ్మ డొంక పట్టుకు ఏడ్చిందన్న సామెత అలా పుట్టిందే. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమూ అంతే, గుడ్డు మీద ఈక ఉండదు కాబట్టి పీకేవాడికి ఎన్నాళ్ళయినా పని తెమలదు. వేమన 'తప్పులెన్నువారు' అన్నాడు, అక్కడ క్రియ ఎన్నడం, అంటే లెక్కపెట్టడం. ఎదుటివాళ్ళవి లెక్క పెట్టే ధ్యాసలో తమవి లెక్కకు రావు.

ఇక 'బాధ' సంగతి. అక్కడ జరిగింది దిద్దడం. పలక మీద పిల్లలు ఓనమాలు దిద్దేటప్పుడు ఒప్పు అక్షరం కళ్ళెదుటే ఉంటుంది. సరైన రూపం పక్కనే రాసి చూపినవారిని రంధ్రాన్వేషి అంటే, రేపటి నుంచి ఈ గుంపులో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఆ నష్టం భాష నేర్చుకుందామని వచ్చినవాళ్ళది. నాకు నిజంగా కష్టమనిపించింది ఇక్కడే.

ఛాందసుడు అనొచ్చుగా అని ఒకరు సూచించారు. అది వేరు. ఛాందసుడు తన పట్టు తాను వదలడు, ఇతరుల జోలికి పోకుండానే బతికెయ్యవచ్చు.

సరిగ్గా మనకు కావలసిన మాట అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో ఉంది: 'దోషైకదృక్ పురోభాగీ'. దోషం ఒక్కటే కంటికి ఆనేవాడు పురోభాగి. ఇందులో వెతకడం లేదు, పన్నాగం లేదు, చూపే అంత. సమానమైన విద్య గలవాళ్ళు సాధారణంగా ఒకరి కీర్తిలో ఒకరు తప్పులే చూస్తారని చెప్పడానికి కాళిదాసు మాళవికాగ్నిమిత్రం నాటకంలో 'పరస్పరయశఃపురోభాగాః' అన్నాడు. నాట్యాచార్యులిద్దరూ తగవుకు దిగిన సందర్భం అది.

అమరకోశమే అసూయకు 'దోషారోపో గుణేష్వపి' అని అర్థం చెప్పింది. ఎదుటివాడి గుణంలో కూడా దోషం అంటగట్టడం అసూయ, వాడి బాగు ఓర్వలేకపోవడం ఈర్ష్య. ఈనాటి తెలుగులో రెండూ కలిసిపోయి అసూయ అంటే కుళ్ళు అనే అర్థం ఒక్కటే మిగిలింది. అనసూయ అని పేరున్న పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. మంచిలో చెడు వెతకనిది అని ఆ పేరుకు అర్థం.

విమర్శ అనే మాటను మాత్రం దయచేసి ఈ వరసలో కలపకండి. 'విమర్శలు గుప్పించారు' అని రోజూ పత్రికల్లో చదివి, విమర్శ అంటే తిట్టడమే అనుకుంటున్నాం. గీత చివరి అధ్యాయంలో అంతా చెప్పాక కృష్ణుడు 'విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు' అంటాడు. ఇదంతా బాగా ఆలోచించి నీ ఇష్టప్రకారం చెయ్యి అని. ఆ 'విమృశ్య', మన 'విమర్శ' ఒకే ధాతువులోంచి వచ్చాయి.

మా వైపు ఇలాంటివాళ్ళను 'అన్నిటికీ పేర్లు పెడుతుంది' అని కూడా అంటారు. మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఏమంటారో రాయండి. మాట ఒక్కటే కాకుండా, దాన్ని వాడే వాక్యం మొత్తం రాస్తే క్రియ కూడా తెలుస్తుంది.