కొత్తగా చేరే పశువైద్యులను ఒంటరిగా కేసుకు ఎప్పుడు పంపాలి?

కళ్యాణదుర్గం వెట్:
వచ్చే నెల మా ఆసుపత్రిలో ఒక కొత్త డాక్టరమ్మ చేరుతున్నారు. ప్రొద్దుటూరు కాలేజీలో చదివారు, ఇంటర్న్‌షిప్ కూడా అయింది. సబ్జెక్టు గట్టిది. కానీ మా దగ్గర జీవం చస్తే కాపరి దాన్ని భుజాన వేసుకొని నేరుగా ఆసుపత్రికే తెస్తాడు, కోసి చూడమంటాడు. ఎనుము (గేదె) ఈనలేకపోతే అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. మొదటి మూడు నెలలు ఆమెను ఏ పనికి ఒంటరిగా పంపవచ్చు, ఎక్కడ పక్కన ఉండాలి?

ఆదోని పశువైద్యం:
నెలల లెక్క వద్దు సార్, పనిని బట్టి చూడండి. టీకాలు, నట్టల మందు, గాయాలకు మొదటి వారం నుంచే వదిలేయవచ్చు. తప్పు జరిగితే సరిదిద్దుకునే సమయం లేని పనుల్లోనే మీరు పక్కన ఉండాలి.

ఉదాహరణకు పాల జ్వరం, అంటే ఈనిన పశువు రక్తంలో కాల్షియం పడిపోవడం. 450 మి.లీ. కాల్షియం సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, మెడ నరంలోకి కనీసం 10-15 నిమిషాలు పట్టేలా ఎక్కించాలి. రైతు తొందరపెడుతున్నాడని కొత్తవాళ్లు సీసా పైకెత్తుతారు. మందు ఒక్కసారిగా గుండెకు చేరితే లయ తప్పి ఆవు అక్కడికక్కడే పోతుంది. సీసా రైతు చేతికిచ్చి, స్టెతస్కోపు చెవుల్లోంచి తీయకుండా వినడం ఆమెకు అలవాటు చేయండి. లయ తప్పగానే గొట్టం నొక్కేయాలి. మీ ఎదుట రెండుసార్లు చేశాక మూడోది ఆమెకే వదిలేయండి.

రాయచోటి ఎనుముల డాక్టర్:
గర్భసంచి మెలిక (గర్భసంచి తిరిగిపోయి ఎనుము ఈనలేకపోవడం) మాత్రం అంత త్వరగా వదలొద్దు. ఎనుముల్లో ఎక్కువగా కుడి మెలికే ఉంటుంది, అయినా ఊహించి దొర్లించకూడదు. పేడ దారిలో చెయ్యి పెట్టి చూస్తే, కుడి మెలికలో గర్భసంచిని పట్టి ఉంచే ఎడమ పక్క బంధనం దాని మీదుగా కుడికి లాగినట్టు బిగుతుగా తగులుతుంది. ముందు మీరు చూసి చెప్పకండి. ఆమె చూసి ఏ వైపో చెప్పాకే మీరు చెయ్యి పెట్టండి.

కుడి మెలికైతే కుడి పక్కకే పడుకోబెట్టాలి. సుమారు 10 అడుగుల పలక ఒక కొన నేలకు ఆనించి, డొక్క మీదుగా వేసి, నేల వైపు కొన దగ్గర పలక మీద ఒక మనిషి నిలబడాలి. కాళ్లు పైకి తిరిగేలా ఎనుమును నెమ్మదిగా ఎడమ పక్కకు దొర్లించాలి. పలక గర్భసంచిని కదలనీయదు, ఒళ్లు మాత్రం తిరుగుతుంది, మెలిక విడుతుంది. వైపు తప్పితే మెలిక ఇంకా బిగుస్తుంది. దొర్లించిన ప్రతిసారీ మళ్లీ చెయ్యి పెట్టి చూడాలి. మూడు నాలుగుసార్లకూ విడకపోతే ఇక ఆపి ఆపరేషన్‌కు పంపాలి. గంటలు గడిచేకొద్దీ గర్భసంచి చుట్టుపక్కల అతుక్కుపోతుంది. ఎక్కడ ఆపాలో నేర్పడమే ఇందులో కష్టమైన పని.

గుత్తి గొర్రెల వైద్యం:
కాపరి తెచ్చే చచ్చిన జీవం గురించి ఎవరూ రాయలేదు. మొదటి రోజే చెప్పాల్సింది అదే: చెవి రక్తం చూడందే కత్తి తీయకూడదు. హఠాత్తుగా చస్తే అందరూ చిటుక రోగమే (ఎంటరోటాక్సీమియా) అనుకుంటారు, తొలకరి పచ్చిక మేశాక అది నిజం కూడా కావచ్చు. కానీ దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కూడా అలాగే చంపుతుంది. ముక్కు నుంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్నా, కళేబరం బిగుసుకోకపోయినా అసలే కోయొద్దు. గ్లవ్స్ వేసుకొని చెవి నరం నుంచి చుక్క రక్తం స్లైడ్ మీదకు తీసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేయాలి. నీలి కడ్డీల చుట్టూ గులాబీ పొర కనిపిస్తే దొమ్మే. కోస్తే క్రిములకు గాలి తగిలి గింజకడతాయి (స్పోర్లుగా మారతాయి), ఆ నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. తోలు ఒలవనీయకుండా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్పించాలి. కాపరి గొడవపడతాడు. మొదటి ఒకటి రెండు సార్లు ఆ మాట ఆమె పక్కన నిలబడి మీరే చెప్పండి.

కళ్యాణదుర్గం వెట్:
పలక రేపే చేయిస్తాను. రాత్రి ఆమె నాకు ఫోన్ చేస్తే ఏం అడగాలి?

ఆదోని పశువైద్యం:
జ్వరం ఎంత, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, నెమరు ఉందా, పేడ వేసిందా, ఎప్పుడు ఈనింది. ఈ ఐదూ చూశాకే ఫోన్ చేయమనండి. ఆ తర్వాత మీ మొదటి ప్రశ్న "మీరేమనుకుంటున్నారమ్మా?" కావాలి. మందు పేరు ముందే మీరు చెప్పేస్తే తను ఆలోచించడం మానేస్తుంది. ఇంకోటి, స్పీకర్‌లో మాట్లాడొద్దనండి. ఆమె చెప్పింది తప్పని మీరంటే రైతు వింటాడు, తర్వాతి కేసుకు ఆమెను పిలవడు.