బెంగళూరు మేయో హాల్, చెన్నై కన్నెమరా: ఒక ఐరిష్ బిరుదు గురించి సందేహం

హలసూరు వాసి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. ఇంటి హద్దుల దావా ఒకటి నడుస్తున్నందువల్ల రెండేళ్లుగా నేను బెంగళూరులోని మేయో హాల్ కోర్టుకు ప్రతి వాయిదాకూ వెళ్లి వస్తున్నాను. ఇక్కడి ఆటోవాళ్లకు మేయో హాల్ అంటే చాలు, చిరునామా అక్కరలేదు. కానీ ఆ మేయో ఎవరని అడిగితే బంట్రోతు మొదలుకొని మా వకీలు దాకా, ఎవరో పాతకాలపు దొర అన్నదానికి మించి చెప్పినవారు లేరు. పిలుపు వచ్చేదాకా వరండాలో కూర్చుని ఫోనులో చదివినదానినిబట్టి, 1872లో అండమానులో హత్యకు గురైన వైస్రాయి లార్డ్ మేయో స్మారకంగా 1883లో ఈ భవనాన్ని కట్టారని తెలిసింది. అంతవరకు బాగానే ఉంది.

నా సందేహం భవనం గురించి కాదు, ఆ బిరుదు గురించి. మేయో అనే బిరుదును 1627లో ఐర్లండులోని ఒక ‘సముద్రపు దొంగల రాణి’ కుమారుడికి ఇచ్చారని ఒకచోట ఉంది. అది 1785లో పుట్టిందని మరొకచోట ఉంది. ఒకే బిరుదు రెండుసార్లు ఎలా పుడుతుంది? వైస్రాయి ఆ రాణి వంశంవాడేనా? చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి పేరిచ్చిన గవర్నరు ఈ వైస్రాయికి స్వయానా తమ్ముడని కూడా చదివాను. అన్నదమ్ములైతే ఒకరు మేయో, ఒకరు కన్నెమరా ఎందుకయ్యారు? ఈ బిరుదు ఇప్పటికీ ఎవరికైనా ఉందా? వివరం తెలిసినవారు ఓపికగా చెప్పగలరని కోరుతున్నాను.

పాత దస్తావేజు (సమాధానం)

హలసూరు వాసి గారికి నమస్కారం. మీరు చదివిన రెండు సంవత్సరాలూ సరైనవే. అవి ఒకే పేరు పెట్టుకున్న రెండు వేర్వేరు బిరుదులవి. ఆ దేశాల పద్ధతిలో బిరుదు భూమికి అంటుకొని ఉండేది కాదు, ఇంటిపేరుకు అంటుకొని ఉండేదీ కాదు. రాజు ఇచ్చిన సనదుతో పుట్టి, ఆ సనదులో రాసిన వారసత్వపు షరతు నెరవేరినంత కాలం బతుకుతుంది. సాధారణంగా ఆ షరతు, మొదట పుచ్చుకున్నవాడి మగ సంతానం, వాళ్ల మగ సంతానం అని ఉంటుంది. ఆ శాఖ నిర్వంశమైతే బిరుదు అక్కడితో సరి. తరువాత అదే పేరుతో మరొకరికి కొత్త సనదు ఇవ్వడానికి రాజుకు అడ్డేమీ లేదు.

అసలు కథ ఈ రెండు సనదుల కంటే ముందే మొదలవుతుంది, నా దృష్టిలో రసవత్తరమైన భాగమూ అదే. 12వ శతాబ్దం చివర నార్మన్ సైన్యాల వెంట ఐర్లండుకు వచ్చి స్థిరపడిన విలియం డి బర్గ్ అనే సేనాని 1206లో చనిపోయాడు. అతని సంతతి పశ్చిమాన ఉన్న కొనాక్ట్ ప్రాంతమంతటికీ ప్రభువులై, అల్‌స్టర్ ఎర్ల్ అనే బిరుదు కూడా సంపాదించింది. 1333లో అల్‌స్టర్ ఎర్ల్‌ను సొంత మనుషులే చంపారు. అతనికి మిగిలింది పసిబిడ్డ అయిన ఒక్క కూతురు. ఇంగ్లీషు చట్టం ప్రకారం ఆస్తి అంతా ఆ పిల్లకు, ఆమెను పెళ్లాడబోయేవాడికి చెందాలి. ఆమెను పెళ్లాడినది ఇంగ్లండు రాజు కొడుకే. కానీ కొనాక్ట్‌లోని జ్ఞాతులు ఊరుకోలేదు. భూమిని తామే ఆక్రమించుకొని, పంచుకొని, ఐరిష్ భాషలోకీ ఐరిష్ ఆచారాలలోకీ మారిపోయారు. డి బర్గ్ కాస్తా బర్క్ అయింది. ఆ వంశంలో గాల్వే జిల్లా వైపు వారు ‘ఎగువ మాక్ విలియం’, మేయో జిల్లా వైపు వారు ‘దిగువ మాక్ విలియం’ అనిపించుకున్నారు. దిగువ మాక్ విలియం అన్నది తండ్రి నుంచి కొడుకుకు తప్పనిసరిగా వచ్చే పదవి కాదు. దాయాదులలో సమర్థుడైనవాడు, బలగం ఉన్నవాడు పెద్ద అవుతాడు. ప్రతి మార్పుకూ ఒక తగాదా ఖాయమన్న మాట.

మీరన్న రాణి పేరు గ్రాన్యా. ఇంగ్లీషు రాతల్లో గ్రేస్ ఓమాలీ. ఆమె రెండవ భర్త రిచర్డ్ బర్క్, ‘ఇనుప రిచర్డ్’ అని పేరు పడ్డవాడు, దిగువ మాక్ విలియంగా ఉండి 1583లో చనిపోయాడు. వారి కుమారుడు టిబట్‌ను ‘నౌకల టిబట్’ అనేవారు, నడిసముద్రంలో ఓడమీద పుట్టాడని కథ. కొనాక్ట్‌ను పాలిస్తున్న ఇంగ్లీషు అధికారి కొడుకును నిర్బంధించినప్పుడు, గ్రాన్యా 1593లో లండను దాకా ఓడలో వెళ్లి, గ్రీనిచ్‌లో ఎలిజబెత్ రాణిని స్వయంగా కలిసి విడుదల కోరింది. ఆ టిబట్ తరువాత 1601లో కిన్సేల్ యుద్ధంలో రాణి పక్షానే పోరాడాడు. 1627లో మొదటి చార్లెస్ అతన్ని వైకౌంట్ మేయోగా చేశాడు. దాయాదుల బలంతో నిలిచే పెద్దరికం పోయి, కాగితం మీది వంశపారంపర్య హక్కు వచ్చింది. మన దక్షిణాదిలో పాలెగాళ్లు 1802 ప్రాంతంలో కంపెనీ చేతి సనదులతో జమీందారులుగా మారిన తీరు తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

కాగితం వచ్చినంత మాత్రాన శాంతి రాలేదు. 1642లో ష్రూల్ అనే చోట, ఈ కుటుంబం వెంట ఉండి సాగనంపుతున్న ప్రొటెస్టంట్ శరణార్థులను ఊచకోత కోశారు. ఆ నేరానికి మూడవ వైకౌంట్‌కు క్రాంవెల్ ప్రభుత్వం 1653లో గాల్వేలో మరణశిక్ష అమలు చేసింది. శాఖ అలాగే సాగి, 1767లో ఎనిమిదవ వైకౌంట్ మరణంతో ఆగిపోయింది.

ఇక రెండవ మేయో. జాన్ బర్క్ అనే పార్లమెంటు సభ్యుడు అదే బర్క్ వంశంలోని మరొక శాఖవాడు. అతనికి 1776లో బ్యారన్ నేస్, 1781లో వైకౌంట్ మేయో, 1785లో ఎర్ల్ ఆఫ్ మేయో అని మెట్టుమెట్టుగా బిరుదులు వచ్చాయి. పాత వైకౌంట్ పోయిన పద్నాలుగేళ్లకే పేరు మళ్లీ పుట్టింది. తమాషా ఏమిటంటే, ఈ కుటుంబం నివాసం మేయోలో కాదు. డబ్లినుకు దగ్గరలోని కిల్డేర్ జిల్లాలో. కాబట్టి వైస్రాయి గ్రాన్యా కొడుకు బిరుదుకు వారసుడు కాడు, ఆ పాత కుదురులోని వాడు మాత్రమే.

తరువాతి వారిని త్వరగా దాటవచ్చు. మొదటి ఎర్ల్ 1790లో, సంతానం లేని పెద్ద కొడుకు 1792లో, ట్యూమ్ ఆర్చిబిషప్‌గా ఉన్న రెండవ కొడుకు 1794లో పోయారు. నాలుగవ ఎర్ల్ 1849 దాకా బతికినా పిల్లలు లేకపోవడంతో బిరుదు తమ్ముడి కొడుక్కు వెళ్లింది. ఆ అయిదవ ఎర్ల్ పెద్ద కొడుకు రిచర్డ్ సౌత్‌వెల్ బర్క్, 1822లో డబ్లినులో పుట్టినవాడు, 1867లో ఆరవ ఎర్ల్ అయ్యాడు. మీ కోర్టు పేరు ఆయనదే.

ఎగ్మోరు పాఠకుడు (సమాధానం)

దస్తావేజు గారు చక్కగా చెప్పారు. చెన్నై వైపు సంగతి నేను పూరిస్తాను. కన్నెమరాలో ముప్పై ఏళ్లుగా చదువుకుంటున్నవాణ్ణి కనుక ఆ పేరు మీద నాకు కొంత మమకారం ఉంది. ఇక్కడి వారు దానిని ‘కన్నిమారా’ అంటారు. చిన్నప్పుడు నేను అది ఏదో అమ్మవారి పేరనుకున్నాను. నిజానికి అది ఐర్లండు పశ్చిమ తీరంలో గాల్వే జిల్లాలోని ఒక ప్రాంతం. కొన్మక్నె అనే తెగవారిలో సముద్రం వైపున ఉన్నవారి నేల అని ఆ మాటకు అర్థం.

రాబర్ట్ బర్క్ అయిదవ ఎర్ల్ మూడవ కొడుకు. పెద్దవాడికే తండ్రి బిరుదు వస్తుంది. చిన్నవాళ్లకు పేరుకు ముందు ఒక మర్యాద మాట తప్ప ఏమీ మిగలదు. అందువల్ల ఆయన 1886లో మద్రాసు గవర్నరుగా వచ్చేటప్పటికి ఏ సనదూ లేని మనిషి. మరుసటి ఏడాది బ్యారన్ కన్నెమరా అనే కొత్త బిరుదు పుట్టించి ఇచ్చారు. అన్నదమ్ముల పేర్లు వేరు కావడానికి ఇంతకు మించిన రహస్యం లేదు. గ్రంథాలయానికి ఆయన 1890 మార్చిలో శంకుస్థాపన చేశారు. అదే ఏడాది పదవి వదిలి వెళ్లిపోయారు. డల్హౌసీ కుమార్తె అయిన ఆయన భార్య విడాకులు తీసుకున్నదీ ఆ ఏడాదే. భవనం తెరుచుకున్నది 1896 డిసెంబరులో. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాలలో ఇప్పుడు అదొకటి.

మరొక తేడా గమనించండి. తమ్ముడి బిరుదు యునైటెడ్ కింగ్‌డమ్ పీరేజీలోది (పీరేజీ అంటే ప్రభు బిరుదుల వరుస), అన్నగారిది ఐర్లండు పీరేజీలోది. చూడటానికి ఎర్ల్ పెద్ద, బ్యారన్ చిన్న. అయినా అప్పట్లో ఆ బిరుదుతో తమ్ముడు లండను ప్రభువుల సభలో తన హక్కుతో కూర్చోగలిగేవాడు, అన్నగారి బిరుదుకు ఆ హక్కు ఉండేది కాదు. 1801లో రెండు రాజ్యాలు కలిసిన తరువాత ఐరిష్ ప్రభువులంతా కలిసి తమలో 28 మందిని జీవితకాల ప్రతినిధులుగా ఎన్నుకొని పంపేవారు, అంతే. నాలుగవ, అయిదవ ఎర్ల్‌లు అలా ఎన్నికైనవారే. దీనిలోనే ఒక సౌకర్యమూ ఉండేది: ప్రతినిధి కాని ఐరిష్ ప్రభువు బ్రిటన్‌లోని నియోజకవర్గం నుంచి కామన్స్ సభకు పోటీ చేయగలిగేవాడు. వైస్రాయి మేయో 1867లో ఎర్ల్ అయ్యాక కూడా కాకర్‌మత్ సభ్యుడిగా కొనసాగింది అందుకే; ఆ ఊరు ఇంగ్లండులో ఉంది.

ఈ వెసులుబాటు వల్లనే కంపెనీ దొరలకు ఐరిష్ బిరుదులు ధారాళంగా పంచారని నా అభిప్రాయం. క్లైవ్‌కు 1762లో వచ్చిన ప్లాసీ బ్యారన్ బిరుదు ఐర్లండుదే. అక్కడ కొన్న భూమికే ఆయన ప్లాసీ అని పేరు పెట్టుకున్నాడు. మద్రాసు గవర్నర్లలో పిగట్, మెకార్ట్‌నీ ఇద్దరివీ ఐరిష్ బ్యారన్ బిరుదులే. కోటలో వాళ్ల పటాలు చూసి గొప్ప పాత వంశాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జయనగర్ నాలుగో బ్లాక్ (సమాధానం)

రెండు చిన్న చేర్పులు. ఒకటి, వైస్రాయి గారి గురించి ఐరిష్ కాగితాలలో వెతికేవారికి 1867కు ముందు ‘లార్డ్ మేయో’ కనబడడు. తండ్రి బతికి ఉండగా పెద్ద కొడుకు తండ్రి చిన్న బిరుదులలో ఒకదానిని మర్యాదకు వాడుకుంటాడు. 1852, 1858, 1866 సంవత్సరాలలో మూడుసార్లు ఐర్లండు చీఫ్ సెక్రటరీ అయిన ‘లార్డ్ నేస్’ ఈయనే. ఇద్దరు వేరు మనుషులని నేనూ చాలాకాలం పొరబడ్డాను.

రెండు, మరణం తరువాతి సంగతులు. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం మౌంట్ హారియట్ కొండమీద సూర్యాస్తమయం చూసి దిగి, హోప్‌టౌన్ రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ ఆయనను కత్తితో పొడిచాడు. షేర్ అలీని మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీశారు. కొత్త వైస్రాయి వచ్చేదాకా తాత్కాలికంగా ఆ పీఠం మీద ఎక్కువ రోజులు కూర్చున్నది అప్పటి మద్రాసు గవర్నరు నేపియర్. మేయో శవాన్ని ఓడలో ఐర్లండుకు చేర్చి, కిల్డేర్‌లోని జాన్స్‌టౌన్‌లో పాడుపడిన పాత చర్చి ఆవరణలో పూడ్చారు. దారిలో చెడిపోకుండా రమ్ములో ఉంచారని చెప్పుకుంటూ అక్కడి జనం ఆయనను ‘ఊరవేసిన ఎర్ల్’ అంటారట. మన ఊరగాయ జాడీ గుర్తొచ్చి నవ్వాలో వద్దో తెలియలేదు.

కొడుకు ఏడవ ఎర్ల్, డెర్మట్. ఐర్లండు స్వతంత్రమైనప్పుడు చాలామంది దొరలు ఇంగ్లండుకు వెళ్లిపోతే, ఆయన అక్కడే ఉండి 1922లో కొత్త దేశపు సెనేటులో సభ్యుడయ్యాడు. ఆ ‘నేరానికే’, బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని వ్యతిరేకించిన సాయుధులు 1923 జనవరిలో ఆయన పామర్స్‌టౌన్ భవనాన్ని తగలబెట్టారు. ఆయన మాత్రం 1927లో చనిపోయేదాకా సెనేటులోనే ఉన్నాడు. 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం 40వ అధికరణ ప్రకారం రాజ్యం కులీన బిరుదులు ఇవ్వదు. మన 18వ అధికరణకు దగ్గరి చుట్టం. అయితే పాతవి రద్దు కాలేదు కనుక ఎర్ల్ ఆఫ్ మేయో బిరుదు నేటికీ ఉంది. ఇప్పుడున్నది 11వ ఎర్ల్.

హలసూరు వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క మాట. డెర్మట్ గారికి పిల్లలున్నారా? కన్నెమరా దొరకు లేరని చదివాను. మన జమీందారుల లాగా దత్తత తీసుకోవచ్చు కదా?

ఎగ్మోరు పాఠకుడు

అక్కడ దత్తపుత్రుడికి బిరుదు రాదండీ. రక్తసంబంధం, ధర్మపత్నికి పుట్టడం, రెండూ ఉండాలి. మీరడిగిన ఇద్దరికీ సంతానం లేదు, ఫలితాలు మాత్రం వేరు. డెర్మట్ 1927లో పోగానే బిరుదు పినతండ్రి కొడుక్కు వెళ్లింది, ఎందుకంటే 1785 సనదు మొదటి ఎర్ల్ మగ సంతతి అందరికీ వర్తిస్తుంది. అంతమందిలో ఎవరో ఒకరు దొరికారు. కన్నెమరా సనదులో మొదటి పురుషుడు ఆయనే. అందుకని 1902లో ఆయన కన్నుమూసినప్పుడు అన్నగారి కొడుకులు బతికే ఉన్నా, వారు ఆయన సంతతి కాదు కనుక, పదిహేనేళ్ల ఆ బిరుదు ఆయనతోనే పోయింది.